మగ్గం మీద ఎవరు కూర్చున్నారు?

ఆగస్టు 4

మేక లేచి నడిచింది. ఇది ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే నా తల పగిలేలా ఉంది. ఇంట్లో చెప్పుకుందామంటే మా అత్త మద్దమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే మా చీరలు కొనే ఆదోని వ్యాపారి రంగనాథం శెట్టి కొత్త సంవత్సరానికి నేతగాళ్ళకు పంచిన డైరీ బయటికి తీశాను. ఇన్నాళ్ళూ దీన్ని బియ్యం డబ్బా మీద మూతగా వాడుకున్నాను.

వారం నుంచి ఎమ్మిగనూరులో ఒకటే ముసురు. మగ్గం గుంటలో చెమ్మ చేరి మా ఆయన నాగేష్‌కు నడుము పట్టేసింది. మగ్గం ఊరికే ఉండకూడదని మా పాప మమత గుంటలోకి దిగింది. పద్నాలుగేళ్ళ పిల్ల, ఒక్కతే కూర్చోవడం ఇదే మొదలు. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే నులిమి అతికి ఇచ్చాను, ఎప్పటిలాగే. అది తువ్వాలు నేసింది. అంచు చూస్తే ఎద్దు ఉచ్చ పోసినట్లు వంకర. పగలబడి నవ్వాను. అది మూతి ముడుచుకుంది.

నిన్న సాయంత్రం ఎదురింటి ఆటో సామ్సన్ తన మేకను చేతుల మీద మోసుకొచ్చాడు. ఉరుకుంద తిరునాళ్ళ బస్సు గుద్దిందట. ముందుకాలు విరిగి వేలాడుతోంది, ఎముక బయటికి కనబడుతోంది. ఎలాగూ అమ్ముడుపోదు కదా అని మా అత్త ఆ వంకర తువ్వాలు చింపి కట్టు కట్టింది. ఈ పొద్దున సామ్సన్ అరుచుకుంటూ వచ్చాడు.

"అక్కా, ఏం గుడ్డ కట్టినారక్కా? నిన్న యాలాడతాండె కాలు. ఇప్పుడు సూడు, గోడలు దుంకుతాంది!"

నేను పోయి చూశాను. కట్టు విప్పితే కుట్టు లేదు, మచ్చ లేదు. కాలు అతుక్కుంది.

ఆగస్టు 6

ఆ కాలు విరిగి ఉండదు. బెణికి ఉంటుంది. నేను సరిగా చూడలేదు.

ఆగస్టు 9

మా అత్తను ఏం చేయాలి? కుళాయి దగ్గర చెప్పింది, కిరాణా కొట్లో చెప్పింది. "మా మమత సేతిలో విద్య ఉందమ్మా, మా వంశంలో ఇన్నాళ్ళకు" అని వీధంతా చాటింది. ఈ రోజు వాకిట్లో జనం. ఒకామె చెవి విరిగిన చెంబు తెచ్చింది. ఒక ముసలాయన కళ్ళద్దాలు తెచ్చాడు. మిగిలిన గుడ్డ ముక్క చుట్టి వాళ్ళ వస్తువులు అతుకు పెట్టి పంపించింది మా అత్త, గుడిలో తీర్థం ఇచ్చినంత గొప్పగా.

అందరినీ తిట్టి తరిమాను. "ఏమత్తా, నీకు ఎదిగినకొద్దీ బుద్ధి తరుగుతాందా? మంత్ర శాఖోళ్ళ సెవిన పడితే పిల్లను తీసకపోతారని తెలీదా?" అన్నాను.

"ఎవరు సెప్తారే వాళ్ళకి?" అంది.

"నువ్వే సెప్తాండావు గదా, ఊరందరికీ!"

అప్పుడు నోరు మూసింది. మూస్తే ఏం లాభం, దొంగలు పడిన ఆరు నెలలకు కుక్క మొరిగినట్లు.

చక్రవర్తి గారి చట్టం ఈ సామ్రాజ్యంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. లైసెన్సు లేకుండా విద్య బయటపడితే, పెద్దవాళ్ళకైతే చేతులకు ముద్ర వేసి ఇంటికి పంపిస్తారు. పద్దెనిమిది నిండని పిల్లలనైతే రాజధానిలో శిక్షణాలయానికి పట్టుకుపోతారు. కోసిగిలో మాకు తెలిసిన ఇశ్రాయేలు కొడుకును అలాగే పట్టుకుపోయారు. వాడు చేసిన నేరమల్లా ఎండిన బోరులో నీళ్ళు రప్పించడం.

మమత పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. "మా, నేను ఏం సేసినాను?" అని అడుగుతోంది. ఏమీ చేయలేదే నా తల్లీ, ఏమీ చేయలేదు. నీకు ఏ విద్యా లేదు.

ఆగస్టు 12

తలుపుకు నోటీసు అంటించిపోయారు. "సామ్రాజ్య మంత్ర నియంత్రణ శాఖ, ఆదోని సర్కిల్. మీ గృహమందు అనుమతి లేని అతుకు విద్య ప్రయోగింపబడినట్లు సమాచారము అందినది. కర్తను గుర్తించుటకు విచారణ జరుపబడును." విచారణ ఆగస్టు 28న. అంతకు ముందే ఇన్‌స్పెక్టరు ఇంటికి వస్తాడట.

ఆ కాగితాన్ని గోళ్ళతో గీకి తీశాను. సగమే వచ్చింది. 'కర్త' అనే మాట ఇంకా తలుపు మీదే ఉంది.

ఆగస్టు 13

ఎవరు చెప్పి ఉంటారు? తెలిసి మాత్రం ఏం చేస్తాను?

ఆగస్టు 16

పొద్దున్నే బస్సెక్కి ఆదోని పోయాను. మంత్ర శాఖ ఆఫీసు ఒక పాత పత్తి గోదాములో ఉంది. గోడ మీద చక్రవర్తి పటం, పటానికి ప్లాస్టిక్ దండ. మూల మూలల్లో ఇంకా దూది పింజలు. టోకెన్ ఇచ్చే మిషన్ పనిచేయడం లేదు, అందుకని చేతి మీద పెన్నుతో నంబరు రాస్తున్నారు. మంత్రాలను అదుపు చేసేవాళ్ళ మిషనే అదుపులో లేదు. నవ్వు రాలేదు నాకు.

హాలు మధ్యలో గాజు పెట్టెలో సత్యదీపం. ఎవరేం చెప్పినా దాని ముందు నిలబడే చెప్పాలి. అబద్ధమైతే ఆరిపోతుంది. నా ముందు ఆలూరు నుంచి వచ్చిన పెద్దమనిషి ఉన్నాడు. తేలు మంత్రం లైసెన్సు కోసం వచ్చాడు. "ఈ విద్య మా నాయన నుంచి నాకు వచ్చినాది" అన్నాడు. దీపం ఆరిపోయింది. ఆయన మొహం చూడలేకపోయాను. నిజంగానే నమ్మి ఉన్నాడు పాపం. "ముప్పై యేండ్లుగా యేస్తాండా మేడమ్, నేను అబద్ధం సెప్పలే" అని ఏడ్చాడు.

కౌంటర్లో ఉన్న శాంతకుమారి మేడమ్ తల ఎత్తకుండానే, "దీపానికి నీ నమ్మకంతో పన్లేదు పెద్దాయనా. ఉన్నదుంటే ఎలగతాది, లేకుంటే ఆరతాది. పక్కకు జరుగు" అంది.

నా వంతు వచ్చింది. "మేడమ్, మా పాపకు ఏమీ తెలీదు. ఏందన్నా మార్గం ఉంటే సెప్పండి" అన్నాను.

"నోటీసు రాకముందే ఎవరి విద్య వాళ్ళు వచ్చి సెప్పుకుంటే లైసెన్సు ఇస్తాము. వచ్చినాక ఇయ్యము. అది కూడా పెద్దోళ్ళకే. పాపకు వయసెంత?"

ఆమె నా జవాబు కోసం ఆగకుండా ఫైలులో చూసుకుంది.

"సూడమ్మా, ఫైలు తెరిసినాక కర్త పేరు లేకుండా మూయరు. ఎవరో ఒకరి పేరు ఉండాల."

"ఎవరో ఒకరి పేరా?"

"ఎవరిదో దీపం సెప్తాది," అని తరువాతి మనిషిని పిలిచింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎవరో ఒకరి పేరు. అదే మాట చక్రాల కింద తిరుగుతూనే ఉంది.

ఆగస్టు 18, కోసిగి

ఇశ్రాయేలు ఇంటికి వచ్చాను. అడ్డదారి ఏదైనా తెలుసేమో అడుగుదామని. ఇంట్లో మొగుడూ పెళ్ళామే ఉన్నారు. ఊళ్ళో సగం మంది పనులకు బెంగళూరు పోయారు. వీళ్ళు మాత్రం పోలేదు. "మేము పోయినాక పిల్లోడు వస్తే ఎట్ల?" అంది ఆమె.

కొడుకు దగ్గర నుంచి నెలనెలా ఉత్తరం వస్తుందట. చూపించింది. "నేను ఇచ్చట క్షేమము. సామ్రాజ్యమునకు ఉపయోగపడుచున్నాను. మీరు దిగులు చెందవలదు." ఇంకొకటి తీసింది. అదే. మరొకటి. అవే మాటలు, అవే అచ్చు అక్షరాలు. ఆ తల్లి మాత్రం ప్రతి ఉత్తరాన్నీ కొత్తగా వచ్చినట్లే చదివించుకుంటుంది.

"మావోడు 'చెందవలదు' అనడక్కా," అన్నాడు ఇశ్రాయేలు. "వానికి అట్లాంటి మాటలు రావు."

రేపు కూడా ఇక్కడే ఉండమంటున్నారు. వానకు వాగు పొంగి బస్సులు ఆగాయి. ఇంట్లో పడుగు అయిపోవచ్చింది. కూలికి అతికే లక్ష్మక్కను పిలిపించుకొమ్మని నాగేష్‌కు ఫోన్ చేశాను. మగ్గానికి దువ్వెనలా ఉండే అచ్చులో పాత పడుగు కొస ఉంచి మరీ కోయమని చెప్పాను. ఆ కొస లేకుండా కోస్తే కొత్తది దేనికి అతుకుతారు? ఇంత బాధలోనూ నా నోటికి ఆ మాటే వచ్చింది చూడు.

ఆగస్టు 21

దేవుడున్నాడు! ఉరుకుంద ఈరన్నా, నీకు టెంకాయ కొడతాను!

మమతకు ఏమీ లేదు. నేను ఊళ్ళో లేనప్పుడు లక్ష్మక్క పడుగు అతికి పోయింది, మమత రెండు తువ్వాళ్ళు నేసింది. ఇంటికి రాగానే తలుపు గడియ పెట్టి చేతి గాజు ఒకటి పగలగొట్టి ఆ తువ్వాలులో చుట్టాను. గంట ఆగి విప్పితే ముక్కలు ముక్కలుగానే ఉంది. మా అత్త విరిగిన గరిటె చుట్టాను. అతకలేదు. మొండి గరిటె, బంగారు గరిటె!

"సూడు, సూడు, ఏమీ లేదు నీకు!" అని మమతను ముద్దులు పెట్టుకున్నాను. అది ఎన్నాళ్ళకో నవ్వింది. నాగేష్ మంచం మీద నుంచే, "నేను ముందే సెప్తిని గదా, అదంతా గాలి" అన్నాడు. ఎప్పుడు చెప్పాడో! పోనీ, చెప్పాడనే అనుకుంటాను.

ఈ రోజు మధ్యాహ్నం సంబరంతో నేనే కూర్చుని, పక్కన ఖాళీగా పడి ఉన్న మా రెండో మగ్గానికి కూడా పడుగు అతికాను. వేళ్ళకు బూడిద రాసుకుని, పోగును పోగుతో నులుముతుంటే ప్రాణం హాయిగా ఉంది. పడుగు అతికేటప్పుడు మనసులో ఏమీ ఉండదు నాకు. వేళ్ళకే అన్నీ తెలుస్తాయి. మమత వెంటనే అందులో కూర్చుని మూర నేసింది.

ఆగస్టు 22

తలుపు గడియ పెట్టి రాస్తున్నాను.

ఇన్‌స్పెక్టర్ బసవరాజు వచ్చాడు. జీపు దిగి, బూట్లు విప్పి మరీ ఇంట్లోకి వచ్చాడు. మర్యాదస్థుడు. మర్యాదస్థులంటేనే నాకు భయం. నీళ్ళు తాగి, సంచిలో నుంచి విరిచిన చెక్క పుల్ల తీశాడు.

"నేసిన గుడ్డ ఏదన్నా ఉంటే ఇయ్యండమ్మా."

నేను గబగబా లక్ష్మక్క అతికిన పడుగు తువ్వాలు ఇచ్చాను. పుల్ల చుట్టాడు, మా అత్త ఇచ్చిన వక్కలు నమిలాడు, విప్పాడు. రెండు ముక్కలు. నా ఊపిరి కిందికి దిగింది.

ఆయన లేచి పోతూ పోతూ పక్క మగ్గం దగ్గర ఆగాడు. నిన్న మమత నేసిన మూరెడు గుడ్డ మగ్గం మీదే ఉంది. పుల్ల ముక్కలను దాని మీద పెట్టి వేలితో గుడ్డను మడిచాడు. విప్పేసరికి ఒకటే పుల్ల. గోరుతో గీకి చూసినా అతుకు కనబడలేదు.

మమత గోడకు అంటుకుపోయింది.

"అది నేసినోళ్ళు ఎవరు?" అన్నాడు. ఆయన ఫారం తీశాడు. "ఈడ గడి ఉందమ్మా. 'మగ్గం మీద ఎవరు కూర్చున్నారు?' దానికి పేరు సెప్తే సాలు."

మా అత్త నోరు జారింది. "పిల్లకేం తెలుసప్పా, నాయన నడుము పట్టిందని కూకుండె!"

ఆయన రాసుకున్నాడు. కు. మమత, తండ్రి నాగేష్. మాకేదైనా అభ్యంతరం ఉంటే 28న దీపం ముందు చెప్పుకోవచ్చట. వెళుతూ మమత తలమీద చెయ్యి పెట్టి, "బాగా సదువుకోమ్మా, ఆడ మంచి బడి ఉంటాది" అన్నాడు. ఆ చెయ్యి విరిగిపోను.

మరి మొన్న ఎందుకు అతకలేదు? బిడ్డ భయపడి ఉంటుంది. నేను ఊళ్ళో లేనని బెంగపెట్టుకుని ఉంటుంది. నేను వచ్చాను, ధైర్యం వచ్చింది, విద్య తిరిగొచ్చింది. నా రాకే బిడ్డ కొంప ముంచింది. ఇంతకంటే ఏముంటుంది కారణం?

ఆగస్టు 23

నా బిడ్డ బదులు నేను. ఆదోని నుంచి బస్సులో వస్తున్నప్పుడే అనుకున్నానేమో, ఈ రోజు దాన్ని మాటలో పెట్టాను. "ఆ విద్య నాది" అంటాను. నేను పెద్దదాన్ని. ముద్ర వేసి ఇంటికి పంపుతారు.

ముద్ర వేస్తే వేళ్ళకు స్పర్శ తెలియదంటారు. అన్నం వేడి తెలియదు, నీళ్ళ చల్లదనం తెలియదు. పడుగు అతకలేను. అతకకపోతే చావను కదా.

కానీ దీపం? అబద్ధమంటే ఆరిపోతుంది.

సామ్సన్ ఆటోలో తిరుపాల్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆఫీసు గేటు ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకున్న బ్రోకరు. విషయం అంతా విని, పళ్ళు కుట్టుకుంటూ అన్నాడు: "కల్లుప్పు, అక్కా. ఉరుకుందలో మొక్కిన ఉప్పురాయి నాలిక కింద పెట్టుకుంటే దీపానికి నీ మాట ఇనబడదు. ఆరదు. నేను శానామందికి ఇచ్చినా."

"ఖాయమా?"

"ఖాయం కాకుంటే నా షాపు ఈడ ఎట్ల ఉంటాదక్కా?"

చెవి కమ్మలు ఇచ్చి చిన్న పొట్లం తెచ్చుకున్నాను. మామూలు ఉప్పులాగే ఉంది.

ఆగస్టు 25

నాగేష్‌తో పోట్లాట. "నేను సెప్తా, నాదని" అంటాడు.

"నీ ముద్ర పడితే మగ్గం ఎవరు నేస్తారు? కొంపంతా నీ సేతుల మీద నడుస్తాంది."

"నీవి సేతులు గాదా?"

"నావి పడుగు అతికే సేతులప్పా. లక్ష్మక్క వచ్చి అతికిపోతాది. నేసేటోడివి నువ్వు."

ఆయన ఏడ్చాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఏడవడం నేను చూడలేదు. చూడకుండా ఉంటే బాగుండేది.

తరువాత అబద్ధం చెప్పడం అభ్యాసం చేశాను. మా అత్త దగ్గరికి పోయి, కళ్ళలోకి చూస్తూ, "అత్తా, నీ అంత మంచి మనిషి ఈ ఊళ్ళో లేదు" అన్నాను. ముసలిది మురిసిపోయింది. అయితే చెప్పగలను.

మమత తలుపు చాటు నుంచి అంతా వింటోందని తరువాత తెలిసింది. ఉప్పు సంగతి కూడా దానికి తెలిసిపోయింది. నా నడుము పట్టుకుని, "వద్దు మా, నేనే పోతా" అంది. చెంప మీద ఒకటి కొట్టి, ఆ తరువాత దాన్ని వొళ్ళో వేసుకుని కూర్చున్నాను.

ఆగస్టు 27

రేపే. ఉప్పు పొట్లం పైట కొంగుకు ముడి వేసుకున్నాను. ఆఫీసు మెట్లు ఎక్కగానే నోట్లో వేసుకోవాలి. మరిచిపోకూడదు. మరిచిపోకూడదు.

ఆగస్టు 29

నిన్న రాయలేకపోయాను. ఈ రోజు పెన్ను పట్టుకుంటే పట్టుకున్నట్టే లేదు. చూస్తూ రాస్తున్నాను. గీతలు దాటి పోతున్నాయి.

గోదాము నిండా జనం. బయట ప్రహరీ పక్కన నీలం వ్యాను. కిటికీలకు జాలీ. అందులో అప్పటికే ఇద్దరు పిల్లలు కూర్చుని ఉన్నారు. ఒకడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఆ వ్యాను చూశాక నాకు ఇంకేమీ కనబడలేదు. మమత చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అది "నొప్పి మా" అంది.

బసవరాజు ఫైలు చదివాడు. "కర్త, కుమారి మమత. ఆక్షేపణ ఉందా?"

నేను నోరు తెరిచేలోపే నాగేష్ నడుము పట్టుకుని దీపం ముందుకు పోయాడు. "సార్, ఆ విద్య నాది" అన్నాడు.

దీపం ఆరిపోయింది. సన్నటి పొగ లేచింది.

శాంతకుమారి మేడమ్ అగ్గిపుల్ల గీసి మళ్ళీ వెలిగించింది. బసవరాజు గొంతు ఇప్పుడు మర్యాదగా లేదు. "ఇంటికి ఒక్క అబద్ధమే సైస్తామప్పా. ఇంకొకసారి దీపం ఆరితే మాటల్లేవు. పిల్లను ఇట్నే బండెక్కిస్తాము. ఇంకెవరన్నా సెప్తారా?"

వాకిట్లో డ్రైవరు వ్యాను తలుపు తెరిచాడు. ఆ చప్పుడు విన్నాను.

నేను ముందుకు పోయాను. నడిచానో, పరుగెత్తానో. కళ్ళ నీళ్ళు మూతి మీదికి కారుతున్నాయి, నోరంతా ఉప్పగా ఉంది. గాజుపెట్టె మీద రెండు చేతులూ పెట్టాను. "సార్, నా బిడ్డకు ఏ పాపమూ తెలీదు. ఆ విద్య నాది. నాదే. నా సేతులదే."

దీపం కదల్లేదు.

అందరూ దానినే చూస్తున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచినా వెలుగుతూనే ఉంది. ఇంకా కాస్త పెద్దదయిందని మా ఆయన అంటాడు. బసవరాజు మమత పేరు కొట్టేసి నా పేరు రాశాడు. "మగ్గం మీద కూకున్నది పిల్లే గదమ్మా?" అన్నాడు. "పిల్లనే కూకుండె సార్, విద్య నాది" అన్నాను. అప్పుడు కూడా దీపం ఆరలేదు. తిరుపాల్‌కు మనసులోనే దండం పెట్టాను.

ముద్ర లోపలి గదిలో వేశారు. ఇత్తడి బిళ్ళ, చల్లటిది. ఒక్కొక్క వేలి మీద పెట్టి ఏదో చదువుతాడు, తీస్తాడు. నొప్పి లేదు. చివరి వేలి మీద బిళ్ళ చల్లదనం తగిలింది, ఆ తరువాత తగలడం ఆగిపోయింది. మగ్గం మీది గుడ్డను పడుగుతో సహా, పాత తువ్వాలు ముక్కలతో సహా సాక్ష్యమని ముందే పట్టుకుపోయారు. సంతకం పెట్టమంటే పెన్ను జారి మూడుసార్లు కింద పడింది.

బయట మమత నా చేతులు పట్టుకుంది. చూశాను కాబట్టి పట్టుకుందని తెలిసింది.

అయినా ఇంట్లో ఉంది. నా బిడ్డ ఇంట్లో ఉంది. చాలు.

ఆగస్టు 31

పప్పు గిన్నె చేత్తో దించాను. చెయ్యి కాలిన వాసన వచ్చాక తెలిసింది. మా అత్త నోరెత్తకుండా వెన్న రాసింది. ఆమె నోరెత్తకపోవడమే భయంగా ఉంది.

మమత మగ్గం వైపు పోవడం లేదు. తన చేతులు ఓణీలో దాచుకుంటోంది.

సెప్టెంబర్ 2

విచారణ రోజున కట్టిన చీర ఈ రోజు ఉతకడానికి తీశాను. వేళ్ళకు తెలియదు కాబట్టి ఏది ఉతికినా కళ్ళతోనే ఉతకాలి. పైట కొంగుకు ముడి కనబడింది.

పళ్ళతో విప్పాను. పొట్లం ఉంది. కాగితం కూడా విప్పలేదు. ఉప్పురాయి అందులోనే ఉంది.

బండ మీద కూర్చుండిపోయాను.

నోట్లో వేసుకోలేదు. నీలం వ్యాను చూశాక మరిచిపోయాను. నోట్లో ఉన్న ఉప్పు నా ఏడుపుది. మరి దీపం ఎందుకు ఆరలేదు? దానికి నమ్మకంతో పని లేదు. ఉన్నదుంటే వెలుగుతుంది.

మా ఆయన అన్నప్పుడు ఆరింది. నేను అన్నప్పుడు వెలిగింది.

సెప్టెంబర్ 3

రాత్రంతా లెక్క చూసుకున్నాను. మేకకు కట్టిన గుడ్డ, నేను అతికిన పడుగు. చెంబుకు చుట్టింది అదే. లక్ష్మక్క అతికిన పడుగులో నేసింది గాజును కూడా అతకలేదు. నేను వచ్చి అతికాను, పుల్ల అతుక్కుంది. ఇంత తేటగా ఉంటే కనబడలేదా నాకు? కళ్ళెక్కడ పెట్టుకున్నాను?

రంగనాథం శెట్టి ఏటా అంటాడు, "నాగేష్ నేసిన చీర తరాలకూ చిరగదప్పా" అని. మేమందరం మా ఆయన చేతి గొప్పే అనుకున్నాం. నేతగాళ్ళ ఇళ్ళలో అంతే. గుంటలో కూర్చున్నవాడిదే గుడ్డ. అడ్డపోగుకు కండె చుట్టినవాళ్ళను, పడుగు అతికినవాళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆఫీసువాళ్ళు మగ్గం మీద ఎవరు కూర్చున్నారని అడిగారు. పడుగు ఎవరు అతికారని ఒక్కరూ అడగలేదు. వాళ్ళను అనడం ఎందుకు, నేనూ అడగలేదు. పుట్టింటి నుంచి అతుకుతున్నాను. నా చేతుల్లో ఏముందో ఇన్నేళ్ళూ తెలుసుకోలేదు. తెలిసేసరికి చేతులు లేవు. ముందే తెలిసుంటే నా అంతట నేనే ఆదోని పోయి లైసెన్సు తెచ్చుకునేదాన్ని. మమత పేరు ఆ కాగితాల మీద ఎక్కేదే కాదు. గుండె బద్దలవుతోంది, దాన్ని దేనితో అతకాలి?

మధ్యాహ్నం మమతను పిలిచి చెప్పాను. "ఆ విద్య నీది కాదు, నాది. నువ్వు భయపడొద్దు. మగ్గం మీద కూకో."

నా వైపు జాలిగా చూసింది. పద్నాలుగేళ్ళ పిల్ల ముసలమ్మను చూసినట్లు. "నా కోసం ఎన్ని అబద్ధాలు సెప్తావు మా?" అంది.

"దీపం ఆరలేదు గదా!"

"ఉప్పు పెట్టుకుంటివి గదా."

పొట్లం చూపించాను. చూడు, విప్పలేదు, చూడు అని మొత్తుకున్నాను. అది నా చచ్చిన వేళ్ళను ముఖానికి అద్దుకుని ఏడ్చింది. "ఇంకోటి పెట్టుకొని ఉంటావు. నాకు తెలుసు మా. నా పాపం నీ సేతులకు తగిలింది. నేనెప్పుడూ మగ్గం ముట్టను."

నాగేష్‌కు చెప్పాను. "సరేలే, అట్లే అనుకుందాం" అని వీపు నిమిరాడు. నిమిరినంతసేపూ మగ్గం వైపే చూశాడు. మా అత్త విని, "అమ్మ అంటే అట్ల ఉండాల" అని కళ్ళు ఒత్తుకుంది. రుజువు చూపిద్దామంటే ఆ గుడ్డా పడుగూ అన్నీ ఆదోనిలో సాక్ష్యాల బీరువాలో ఉన్నాయి, కొత్తది చేయడానికి వేళ్ళు లేవు. ఈ ఇంట్లో నేను చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని ఒక్కరూ నమ్మడం లేదు. నమ్మింది ఆ సర్కారు దీపమొక్కటే.

ఇక చెప్పడం మానేశాను. సాయంత్రం లక్ష్మక్క వచ్చి పడుగు అతికిపోయింది. నేను ఎదురుగా కూర్చుని చూశాను. బాగానే అతుకుతుంది, పాపం.

తిరుపాల్ ఉప్పు పారేయడానికి మనసు రాలేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే అందులో వేసేశాను. అందరూ తిన్నారు. ఉప్పు సరిగ్గా సరిపోయిందన్నారు.